బోటులో మంటలొస్తే ఏం చేయాలి, ఏ ఫైర్ సిలిండర్ కొనాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

సముద్రం లేని హైదరాబాద్‌లో బోట్ల గొడవ ఏంటని అనుకోవచ్చు. హుస్సేన్ సాగర్‌లో, దుర్గం చెరువులో బోట్లు రోజూ తిరుగుతూనే ఉంటాయి. నాగార్జున సాగర్, సోమశిల, లక్నవరంలో బోట్లు నడిపేవాళ్లు కూడా ఫైర్ సామాను కోసం రాణిగంజ్‌కి వస్తుంటారు. బోటు యజమానులు, సరంగులు, రిసార్టు మేనేజర్లు, ఒక్కోసారి మామూలు ప్రయాణికులు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. మంటలార్పే ఎక్స్‌టింగ్విషర్‌ను అందరూ ఫైర్ సిలిండర్ అనే అంటారు కాబట్టి నేనూ అలాగే రాశాను. వంటగ్యాస్‌ది వచ్చినచోట గ్యాస్ బండ అన్నాను.

చుట్టూ నీళ్లే కదండీ, బోటుకు ఫైర్ సిలిండర్ దేనికి?

చాలామంది నవ్వుతూ అడిగే ప్రశ్న ఇది. బోటులో రాజుకునేది ఎక్కువగా డీజిలో, పెట్రోలో, వైరింగో. మండుతున్న డీజిల్ మీద నీళ్లు పోస్తే అది నీళ్ల మీద తేలి, మంటతో సహా పక్కకు పాకుతుంది. బకెట్లకొద్దీ లోపల పోస్తే ఆ నీళ్లన్నీ ఒక పక్కకు చేరి బోటు ఒరిగిపోతుంది. జనం కూడా భయంతో అటే జరిగారంటే తిరగబడుతుంది.

ఇంట్లో మంటలొస్తే వీధిలోకి పరుగెత్తవచ్చు. బోటులోంచి ఎక్కడికి పరుగెత్తుతారు? ఫైరింజన్ ట్యాంక్‌బండ్ మీదికి వచ్చి నిలబడగలదు కానీ బుద్ధ విగ్రహం దగ్గరున్న బోటు దాకా దాని గొట్టం చేరదు. పైగా ఫైబర్ బోటు ఒళ్లంతా రెజిన్, అంటే ప్లాస్టిక్ లాంటి పదార్థం. ఒకసారి అంటుకుంటే నల్లటి పొగ కక్కుతూ కాలిపోతుంది. అందుకని బోటులో సిలిండర్ పని బోటును కాపాడటం కాదు. అందరూ లైఫ్ జాకెట్లు బిగించుకుని, బోటు ఒడ్డుకో ఇంకో బోటు దగ్గరికో చేరేదాకా మంటను పట్టి ఉంచడం. 2018 మేలో పాపికొండల దారిలో గోదావరి మీద ఒక పర్యాటకుల బోటు కాలిపోయింది. ఒడ్డుకు చేర్చగలిగారు కాబట్టి ప్రయాణికులు బయటపడ్డారు. ఏ సిలిండర్ కొనాలి, ఎంతది కొనాలి, ఎక్కడ పెట్టాలి అన్న ప్రశ్నలన్నింటికీ నా జవాబులు ఈ లెక్క మీదే నడుస్తాయి.

ఒక్క మినహాయింపు ఉంది. సీటు దిండ్లు, చెక్క, గుడ్డలు, తాళ్లు కాలుతుంటే నీళ్లకు మించిన మందు లేదు. తాడు కట్టిన బకెట్లు రెండు ఎప్పుడూ బోటులో ఉండాలి. ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

ఒక్క మాటలో చెప్పండి, మా బోటుకు ఏది కొనాలి?

పెడల్ బోటు, తెడ్ల బోటు, తెరచాప పడవ అయితే బోటులో అక్కర్లేదు, జెట్టీ దగ్గర ఉంచండి. వెనక మోటారు తగిలించిన చిన్న స్పీడ్ బోటుకు 2 కిలోల ఏబీసీ పౌడర్ (ఏ, బీ, సీ మూడు రకాల మంటలూ ఆర్పే పొడి) సిలిండర్ ఒకటి తప్పనిసరి, రెండుంటే నిశ్చింత. ముప్ఫై నలభై మంది ఎక్కే బోటుకు నడిపేవాడి దగ్గర ఒక 4 కిలోలది, వెనక ఒక 6 కిలోలది, ఇంజిన్ గదికి విడిగా ఆటోమేటిక్‌ది. వంట కూడా జరిగే పెద్ద లాంచీకి వీటితో పాటు 9 లీటర్ల ఫోమ్ (నురగ) సిలిండర్, వంటగదికి వేరే సరంజామా కావాలి. ఇవి నా సలహాలు. బోటును తనిఖీ చేసే సర్వేకు వచ్చే అధికారి ఇంతకంటే ఎక్కువ అడిగితే ఆయన మాటే చెల్లుతుంది.

ఏ, బీ, సీ అంటే ఏంటి? యూట్యూబ్‌లో ఒకలా, లేబుల్ మీద ఒకలా ఉంది.

మీరు చూసింది అమెరికా వీడియో అయి ఉంటుంది. మన దగ్గర ఏ అంటే చెక్క, గుడ్డ, కాగితం లాంటివి. బీ అంటే పెట్రోల్, డీజిల్, పెయింట్. సీ అంటే గ్యాస్. అమెరికాలో సీ అంటే కరెంటు మంట, గ్యాస్‌ను వాళ్లు బీలోనే కలిపేస్తారు. లోహాల మంటకు డీ. వంటనూనెకు మన పద్ధతిలో ఎఫ్ అంటే, వాళ్లు కే అంటారు. మన దేశంలో కొన్న సిలిండర్ మీద కరెంటు సంగతి విడిగా రాసి ఉంటుంది, అది వెతికి చదవండి.

రేటింగ్ అంకెల్లో ఇంకా పెద్ద తికమక ఉంది. 26 అడుగుల లోపు మోటారు బోటుకు 5-బీ సిలిండర్ ఒకటి చాలని అమెరికా కోస్ట్‌గార్డ్ నియమం. అది చదివి వచ్చి, ఇక్కడ 21బీ అని రాసి ఉన్నది చూసి, నాలుగు రెట్లు పెద్దది దొరికిందని సంబరపడేవాళ్లున్నారు. ఈ రెండూ ఒకే కొలత కాదు. అమెరికా అంకె, అనుభవం లేని మనిషి ఎన్ని చదరపు అడుగుల మంట ఆర్పగలడో చెబుతుంది. మన దగ్గర, యూరప్‌లో వాడే అంకె పరీక్షలో పళ్లెంలో పోసే ద్రవం లీటర్లలో ఎంతో చెబుతుంది. ఒకదాన్ని ఇంకొకదానితో పోల్చకండి.

పౌడర్, సీఓ2, ఫోమ్, క్లీన్ ఏజెంట్... ఇన్నింటిలో ఏది మంచిది?

ఏది ఎక్కడ పెడతారన్నదాన్ని బట్టి.

పైన, గాలి తగిలే చోట ఏబీసీ పౌడర్‌దే రాజ్యం. మూడు రకాల మంటల మీదా పని చేస్తుంది, చవక, ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. దీనికీ లోపాలున్నాయి. ఆ పొడి మోనో అమోనియం ఫాస్ఫేట్. తేమ తగిలితే ఆమ్లంలా మారి అల్యూమినియాన్ని తినేస్తుంది, బోటు వెనక తగిలించే అవుట్‌బోర్డ్ మోటారు చాలావరకు అల్యూమినియమే. మూసిన కేబిన్‌లో కొడితే కాసేపు ఎదుటి మనిషి కనపడడు, దగ్గు ఆగదు. ఇంకోటి, పొడి మంటను పడగొడుతుంది కానీ కింద ఉన్నదాన్ని చల్లబరచదు. వేడి లోహానికి డీజిల్ తగులుతూనే ఉంటే మళ్లీ అంటుకుంటుంది. ఇన్ని చెప్పినా, ఒక్కటే కొనే స్తోమత ఉందంటే ఇదే కొనమంటాను.

సీఓ2, అంటే కార్బన్ డయాక్సైడ్, శుభ్రమైనది, కరెంటు ప్యానెల్‌కు బాగా నప్పుతుంది. కానీ గ్యాస్ కదా, తెరిచి ఉన్న డెక్ మీద చెరువు గాలికి ఎగిరిపోతుంది. మూసిన చోటే దాని బలం, ప్రమాదం కూడా అక్కడే. గాలిలో పదోవంతు దాటితే మనిషి నిమిషాల్లో స్పృహ తప్పుతాడు. చిన్న కేబిన్‌లో మనుషులుండగా కొట్టకూడదు. కొట్టేటప్పుడు గ్యాస్ వచ్చే నల్ల కొమ్మును పట్టుకుంటే చెయ్యి మంచుకు కాలినట్టు కాలుతుంది, పిడినే పట్టుకోవాలి. దీనికి ప్రెజర్ చూపే గేజి ఉండదు. నిండా ఉందో లేదో తూకం వేస్తేనే తెలుస్తుంది.

ఫోమ్ డీజిల్ ఒలికిన చోట బాగా పని చేస్తుంది. నూనె మీద దుప్పటిలా పరుచుకుని ఆవిరిని పైకి రానివ్వదు, కాబట్టి మళ్లీ రాజుకునే భయం తక్కువ. ఇందులో నీళ్లున్నాయని మాత్రం గుర్తుండాలి. కరెంటు ఉన్న తీగల మీద వద్దు.

క్లీన్ ఏజెంట్ అంటే మంటలార్పే ప్రత్యేక గ్యాస్. మరక లేకుండా ఆవిరైపోతుంది, ఇంజిన్ పాడవదు, ధర మాత్రం గుండె జారేలా ఉంటుంది. ఇంజిన్ గది ఆటోమేటిక్ సిస్టమ్‌కు డబ్బు పెట్టగలిగితే పెట్టండి. పాత బోటు కొన్నప్పుడు దాంతో హేలాన్ అనే పాతకాలం గ్యాస్ సిలిండర్ వస్తే నింపించాలని తిరగకండి. ఓజోన్ పొరకు చేటని మాంట్రియల్ ఒప్పందం కింద దాన్ని ఆపేశారు.

మాది డీజిల్ బోటు. పెట్రోల్ కాదు కదా, టెన్షన్ ఎందుకు?

పెట్రోల్ కంటే డీజిల్ నయమే, ఒప్పుకుంటాను. పెట్రోల్ గడ్డకట్టే చలిలో కూడా మండే ఆవిరిని వదులుతుంది. డీజిల్ వేడెక్కితే కానీ వదలదు. ఎంత వేడెక్కాలన్నదే ప్రశ్న. ఆ ఉష్ణోగ్రతను ఫ్లాష్ పాయింట్ అంటారు. మన దేశపు డీజిల్ ప్రమాణం ప్రకారం అది కనీసం 35 డిగ్రీలు ఉంటే చాలు. మే నెలలో హైదరాబాద్ ఎండ 40 దాటుతుంది. మూత వేసిన ఇంజిన్ గదిలో ఇంకెంత ఉంటుందో చేయి పెట్టి చూస్తే తెలుస్తుంది. అంటే వేసవి మధ్యాహ్నం మీ బోటు అడుగున ఒలికి ఉన్న డీజిల్, నిప్పురవ్వ కోసం కాచుకుని ఉన్నట్టే.

డీజిల్ బోట్లలో ఎక్కువ భయపడాల్సింది పైపు చిట్లి, సన్నటి ధార సైలెన్సర్ మీదో టర్బో మీదో పడటం. ఇంజిన్ గది కడిగి పొడిగా ఉంచడం, రబ్బరు పైపులు పగుళ్లు రాకముందే మార్చడం, ఎగ్జాస్ట్ పైపు చుట్టిన వేడి తట్టుకునే గుడ్డ ఊడిపోకుండా చూసుకోవడం, ఈ మూడూ చేసేవాళ్లకు సిలిండర్ వాడే అవసరం అరుదుగా వస్తుంది.

పెట్రోల్ పోసేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

పెట్రోల్ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, బోటు అడుగుకు జారి అక్కడే కూర్చుంటుంది. నీళ్లయితే కన్నంలోంచి కారిపోతాయి, ఆవిరి అలా పోదు. అందుకే విడిగా తీయగలిగే ట్యాంకును ఒడ్డు మీదికి దింపి నింపాలి. ప్లాస్టిక్ డబ్బాను నేల మీద ఆనించి పోయాలి, లేకపోతే స్టాటిక్ కరెంటుతో రవ్వ పుట్టొచ్చు. ఇంజిన్ ఆపి, జనాన్ని దింపి, ఫోన్లు సిగరెట్లు పక్కన పెట్టి పోయాలి. ఇంజిన్ లోపలే ఉన్న పెట్రోల్ బోటు అయితే, స్టార్ట్ చేసే ముందు ఆవిరిని బయటికి లాగే ఫ్యాన్, అదే బ్లోయర్, కనీసం నాలుగు నిమిషాలు నడపాలి. ఆ తర్వాత వంగి ముక్కుతో వాసన చూడాలి. ఇన్ని పరికరాలున్నా ముక్కును మించిన మీటరు లేదని నా అభిప్రాయం.

ఇంజిన్ గదిలోంచి పొగ వస్తోంది. మూత తీసి కొట్టాలా?

తీయకండి. ఎవరైనా సరే మొదట చేసేది మూత ఎత్తి చూడటం. లోపల గాలి అయిపోయి మగ్గుతున్న మంటకు కొత్త గాలి అందగానే అది ఒక్కసారిగా ముఖం మీదికి వస్తుంది.

మొదట ఇంజిన్ ఆపాలి. డీజిల్ వాల్వ్ మూయాలి, బ్యాటరీ స్విచ్ తీయాలి. ఈ రెండూ ఇంజిన్ గది బయట ఉండాలని కొత్త బోటు కట్టించేటప్పుడే పట్టుబట్టండి. మంటలు వచ్చాక లోపలికి వెళ్లి వాల్వ్ తిప్పగలిగేవాళ్లు ఉండరు. ఆ తర్వాత గాలి వచ్చే తలుపులు మూసి, మూతకు ఉన్న చిన్న కన్నంలోంచి సిలిండర్ మొత్తం ఖాళీ చేయాలి. ఆ కన్నం మీ బోటుకు లేకపోతే ఇప్పుడే పెట్టించండి. అంగుళం పైచిలుకు రంధ్రం, దానికి తోస్తే ఊడిపోయే బిరడా చాలు. సిలిండర్ మూతి అందులో పడుతుందో లేదో ముందే చూసుకోవాలి. కన్నం ఒక సైజు, మూతి ఒక సైజు ఉన్న బోట్లు కూడా ఉన్నాయి. కొట్టాక వెంటనే తెరవకూడదు. లోపలి లోహం చల్లారేదాకా, మూత మీద చెయ్యి వెనుక వైపు ఆనిస్తే వేడి తెలియని దాకా ఆగాలి.

ఆటోమేటిక్ సిస్టమ్ పెట్టించేవాళ్లకు రెండు మాటలు. క్లీన్ ఏజెంట్ వదిలినా డీజిల్ ఇంజిన్ తిరుగుతూనే ఉంటే, ఆ గ్యాస్‌ను ఇంజినే పీల్చి బయటికి ఊదేస్తుంది. కాబట్టి గ్యాస్ వదలగానే ఇంజిన్ ఆగిపోయే ఏర్పాటు ఉండాలి. ఇక రెండోది. పైకప్పుకు వేలాడే పౌడర్ సిలిండర్లకు రంగు ద్రవం నిండిన గాజు బల్బు ఉంటుంది. ఎరుపుది 68 డిగ్రీలకు, పసుపుది 79కి, ఆకుపచ్చది 93కి పగులుతుంది. షాపులో మామూలుగా చేతికిచ్చేది ఎరుపుది. అది ఆఫీసు గదికి సరిపోతుంది. ఇంజిన్ గదిలో వేసవిలో మంట లేకుండానే పగిలి ఇంజిన్ మీద పొడంతా పోయొచ్చు. నిండు ఎండలో ఇంజిన్ నడుస్తుండగా ఆ గదిలో ఉష్ణోగ్రత ఎంతో కొలిచి, దానికి తగిన రంగు అడగండి.

సిలిండర్ ఎక్కడ తగిలించాలి?

మంట పుట్టే చోటుకీ మనిషి నిలబడే చోటుకీ మధ్యలో. ఇంజిన్ గది లోపల మాత్రం పెట్టకండి, మంటలు వస్తే దాన్ని తీసుకోవడానికి ఆ మంటలోకే దిగాలి. నడిపేవాడి చెయ్యి అందేలా ఒకటి, వంటగది తలుపు బయట ఒకటి, వెనక డెక్ మీద ఒకటి. సీటు కింద పెట్టెలో లైఫ్ జాకెట్ల అడుగున పెట్టి తాళం వేసిన సిలిండర్ లేనట్టే లెక్క. బ్రాకెట్‌ను గట్టిగా బిగించాలి, అలకు ఊడి దొర్లకూడదు. నేరుగా ఎండ పడే చోటు వద్దు. ముఖ్యంగా సీఓ2 వద్దు, ఎండకు లోపలి ప్రెజర్ బాగా పెరుగుతుంది.

వంట బోటులోనే చేస్తాం. గ్యాస్ బండ లోపల పెట్టుకోవచ్చా?

గ్యాస్ బండ డెక్ మీద, గాలి ఆడే పెట్టెలో, ఆ పెట్టె అడుగున బయటికి తెరుచుకునే కన్నంతో ఉండాలి. ఎల్‌పీజీ కూడా గాలి కంటే బరువే. లీకైతే పెట్రోల్ ఆవిరిలాగే అడుగున పోగవుతుంది. వంట కాగానే పొయ్యి నాబ్ దగ్గర ఆపి సరిపెట్టుకోకుండా రెగ్యులేటర్ దగ్గర కూడా కట్టేయాలి.

బజ్జీల నూనె అంటుకుంటే పౌడర్ కొట్టడం మంచిది కాదు. ఆ జోరుకు మూకుడులోని నూనె చింది చుట్టూ పడుతుంది. పొయ్యి ఆపి, మూత పెట్టేయాలి, లేదా ఫైర్ బ్లాంకెట్ కప్పాలి. పెద్ద మూకుళ్లతో వంట చేసే లాంచీలకు నూనె మంటలకని చేసే వెట్ కెమికల్ సిలిండర్ ఒకటి ఉంటే మంచిది. బోటు కదులుతుండగా డీప్ ఫ్రై వంటలు మెనూలోంచి తీసేయమంటే నన్ను తిట్టుకుంటారు కానీ, తీసేయండి.

బ్యాటరీ బోటు తెచ్చాం. దానికి ఏ సిలిండర్?

లిథియం బ్యాటరీ ఒకసారి లోపల నుంచి వేడెక్కడం మొదలైతే దానికి బయటి గాలితో పని లేదు, కాబట్టి ఊపిరి ఆడకుండా చేసే సీఓ2 దాన్ని ఆపలేదు. పౌడర్ పైమంటను కాసేపు తగ్గిస్తుంది, లోపలి వేడిని ఏమీ చేయలేదు. కావలసింది చల్లబరచడం, అంటే చాలా నీళ్లు, చాలాసేపు. చుట్టూ నీళ్లే కదా అన్న మాట ఇక్కడ మాత్రం నిజమవుతుంది. అయినా నడిచే బోటులో అది మీ పని కాదు. బ్యాటరీ పెట్టెలోంచి తెల్లటి పొగ, తియ్యటి ఘాటు వాసన వస్తే జనాన్ని దూరంగా జరిపి, జాకెట్లు వేయించి, దింపడమే పని. ఆ పొగ విషం, మండే గుణం కూడా ఉంది.

కొనేటప్పుడు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం అడగండి. మిగతా వాటికన్నా నిలకడైనది. చార్జింగ్ జెట్టీ దగ్గర మనిషి చూస్తుండగా జరగాలి. రాత్రంతా పెట్టి ఇంటికి పోకూడదు. పాత లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఉన్నవాళ్లు కూడా నిశ్చింతగా ఉండక్కర్లేదు, చార్జింగ్‌లో అవి హైడ్రోజన్ వదులుతాయి. పెట్టెకు పైభాగంలో గాలి కన్నాలు ఉంచండి.

పెళ్లి ఫోటోషూట్, బర్త్‌డే పార్టీకి బోటు అద్దెకిస్తాం. కోల్డ్ ఫైర్, టపాసులు కాలుస్తామంటే?

వద్దు. 2025 జనవరి 26 రాత్రి హుస్సేన్ సాగర్‌లో, నెక్లెస్ రోడ్డు దగ్గర జరిగిన కార్యక్రమంలో బాణసంచా ఉన్న బోట్లకు మంటలు అంటుకున్నాయి. రెండు బోట్లు కాలిపోయాయి, ప్రాణాలు కూడా పోయాయి. బాణసంచాలో ఆక్సిజన్ ఇచ్చే పదార్థం లోపలే ఉంటుంది. ఏ సిలిండర్ కొట్టినా దాన్ని ఆపలేరు. పార్టీ వాళ్లు ఎంత బతిమాలినా ఒడ్డు మీద కాల్చుకోమనండి.

చట్టం ఏమంటోంది?

1917 నాటి పాత చట్టం పోయి 2021లో ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం వచ్చింది. చెరువుల్లో, నదుల్లో ఇంజిన్‌తో నడిచే బోట్లకు రిజిస్ట్రేషన్, సర్వే ఉండాలి. మంటలార్పే సామాను, లైఫ్ జాకెట్లు ఆ సర్వేలో భాగమే. ఎన్ని, ఎంత సైజు అన్నది బోటు రకాన్ని, ఎక్కే జనాన్ని బట్టి ఉంటుంది. కొనే ముందే సర్వేయర్‌ను అడిగి కొంటే రెండుసార్లు ఖర్చు పెట్టనక్కర్లేదు.

రాణిగంజ్‌లో కొంటున్నాం. దేన్ని చూడాలి?

ఐఎస్ 15683 (ఫైర్ సిలిండర్ల భారత ప్రమాణం) అన్న అంకె, ఐఎస్ఐ ముద్ర, తయారైన సంవత్సరం. ముద్ర పక్కన లైసెన్సు నంబరు ఉంటుంది, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి, నిమిషం పని. అదే పేరు, అదే కంపెనీ వస్తే సరే. రేటు బాగా తక్కువైతే, పాత డొక్కుకు రంగేసిందా అని బుడ్డి అడుగు తిప్పి చూడండి. ఇత్తడి వాల్వ్, స్టెయిన్‌లెస్ స్టీల్ పిన్ను, లోహపు బ్రాకెట్ ఉన్నది బోటు తేమకు నిలుస్తుంది. ప్లాస్టిక్ మెడ ఉన్నవి రెండు వేసవులు దాటవు.

ఆన్‌లైన్‌లో కారుకని అమ్మే అర కిలో స్ప్రే డబ్బాలు బోటుకు లెక్కలోకి రావు. మంటలోకి విసిరే ఫైర్ బాల్ గురించి కూడా అడుగుతుంటారు. గది మూలలో పనికొస్తుందేమో గానీ, గాలి వీచే డెక్ మీద సిలిండర్‌కు బదులు కాదు.

గేజి ముల్లు ఆకుపచ్చలోనే ఉంది. ఇంకా సర్వీసు దేనికి?

ముల్లు ప్రెజర్ ఉందని చెబుతుంది, పొడి కదులుతుందని చెప్పదు. ఇంజిన్ అదురుకు బోటులో పొడి నెలల తరబడి అడుక్కి దిగి గట్టిపడుతుంది. నెలకోసారి దించి, తలకిందులు చేసి, లోపల పొడి జారినట్టు తెలిసేదాకా కుదపండి. అప్పుడే మూతిలో కందిరీగ గూడు పెట్టిందేమో కూడా చూడండి. నవ్వులాట కాదు, వాడని బోట్లలో మామూలే. తుప్పు మెడ దగ్గర, అడుగు అంచున మొదలవుతుంది. పెయింట్ ఉబ్బి కనిపిస్తే గీరి చూడాలి, పైన రంగు వేయకూడదు.

ఏటా సర్వీసు చేయించాలి. పౌడర్, ఫోమ్ వాటికి మూడేళ్లకోసారి, సీఓ2కు ఐదేళ్లకోసారి ప్రెజర్ టెస్టు. సీఓ2 తూకం పదోవంతు తగ్గితే రీఫిల్. పౌడర్, ఫోమ్ సిలిండర్లను పదేళ్లకు, సీఓ2ను పదిహేనేళ్లకు తీసేయాలి. సర్వీసు అయిందని కొత్త స్టిక్కరు మాత్రమే అతికించి పంపేవాళ్లుంటారు. మీ ముందే విప్పించండి. ఒకసారి కొద్దిగా నొక్కినా ప్రెజర్ నెమ్మదిగా దిగిపోతుంది. కాబట్టి "కొంచెమే వాడాం" అని మళ్లీ తగిలించకుండా నింపించండి.

బోట్లు రాత్రి జెట్టీకి కట్టేసి ఉంటాయి. అప్పుడు ఏం ప్రమాదం?

2023 నవంబర్ 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మంటలు ఒక బోటు నుంచి ఇంకో బోటుకు పాకి దాదాపు నలభై బోట్లకు నష్టం జరిగింది. పక్కపక్కన ఒరుసుకునేలా కట్టడం, లోపల డీజిల్, గ్యాస్ బండలు ఉండటం, ఈ రెండూ కలిస్తే అంతే. రాత్రి గ్యాస్ బండలు దింపేయండి, బ్యాటరీ స్విచ్ తీసేయండి. తాడు కోయడానికి వాచ్‌మన్ దగ్గర కత్తి ఉండాలి. అంటుకున్న బోటును విడదీసి నీళ్లలోకి తోసేస్తే మిగతావి దక్కుతాయి. జెట్టీ మీద 9 కిలోల పౌడర్ సిలిండర్లు రెండు పెడితే బాగుంటుంది.

నిజంగా మంటలొచ్చాయి. ఏం ముందు, ఏం వెనక?

ముందు గట్టిగా అరిచి చెప్పాలి, లైఫ్ జాకెట్లు వేయించాలి. ఒక మనిషి సిలిండర్ తీస్తుంటే ఇంకొకరు 112కో 101కో ఫోన్ చేయాలి, జెట్టీకి సైగ చేయాలి. నడిపేవాడు బోటును తిప్పాలి. మంట వెనక ఉంటే ముక్కు గాలికి ఎదురుగా, మంట ముందు ఉంటే వెనకభాగం గాలికి ఎదురుగా. అప్పుడు పొగ, మంట జనం మీదికి రావు. జోరుగా ఒడ్డుకు పరుగెత్తించాలనిపిస్తుంది కానీ, ఆ గాలి మంటను ఎగదోస్తుంది. ఒడ్డు దగ్గరే ఉంటే తప్ప వేగం తగ్గించాలి.

సిలిండర్ పిన్ను లాగి, రెండు మీటర్ల దూరంలో నిలబడి, మంట మొదలుకు గురిపెట్టి, పిడి నొక్కి, అటూ ఇటూ ఊడ్చినట్టు కొట్టాలి. పైకి లేచే జ్వాలకు కొడితే పొడి వృథా. 2 కిలోలది పది సెకన్లు అటూ ఇటూ వస్తుంది, 6 కిలోలది కూడా పావు నిమిషం దాకానే. ఆ పది సెకన్లలో తగ్గలేదంటే ఇంకోటి కొట్టండి. అదీ చాలకపోతే ఆర్పడం మానేసి దింపడం మొదలుపెట్టండి. నీళ్లలోకి దూకేటప్పుడు గాలి ఎటు నుంచి వస్తోందో ఆ వైపు నుంచి దూకాలి. లేకపోతే కాలుతున్న బోటు గాలికి కొట్టుకుంటూ మీ మీదికే వస్తుంది, నీళ్ల మీద తేలే డీజిల్ మంట కూడా అటే వస్తుంది.

మేం ప్రయాణికులం. టికెట్ కొని ఎక్కేముందు ఏం చూడాలి?

సిలిండర్ కంటికి కనపడుతోందా, గేజి ముల్లు ఆకుపచ్చలో ఉందా, జాకెట్లు చేతికందేలా ఉన్నాయా. పెట్రోల్ వాసన గుప్పుమంటే ఆ ట్రిప్పు వదిలేయండి. "అన్నా, ఇది ఎప్పుడు నింపించారు?" అని డ్రైవర్‌ను అడగండి. కోపం తెచ్చుకునే డ్రైవర్ బోటు ఎక్కకపోయినా పెద్దగా పోయేదేమీ లేదు.

గడువు తీరిన పాత సిలిండర్లు పాత సామాన్లవాడికి వేసేయొచ్చా?

ప్రెజర్ ఉండగా వేయకండి, గ్యాస్ కట్టర్ పెట్టినవాడి ప్రాణం మీదికొస్తుంది. పౌడర్‌దైతే, బుడ్డి తుప్పు లేకుండా బాగుంటే, ఒక ఉదయం మీ కుర్రాళ్లందరినీ ఒడ్డున ఖాళీ స్థలంలో నిలబెట్టి వాళ్ల చేత కొట్టించండి. గాలికి వీపు పెట్టి నిలబడమనండి. పిన్ను ఎంత గట్టిగా లాగాలో, సీలు ఎలా తెగుతుందో, పది సెకన్లు ఎంత తొందరగా అయిపోతాయో వాళ్ల చేతులకు తెలుస్తుంది. తుప్పు పట్టినది, సీఓ2ది మాత్రం సర్వీసు చేసేవాళ్లకే ఇచ్చి ఖాళీ చేయించి, వాల్వ్ విప్పించాకే తూకానికి వేయండి.